స్వెత్లానా... మన శ్వేతకు దూరపు చుట్టం

పాపాయి పుట్టి పదిరోజులు దాటిందంటే చాలు, ఇంట్లో పేరు గొడవ మొదలవుతుంది. పంతులుగారు నక్షత్రం చూసి ఓ అక్షరం ఇస్తారు. తాతగారు తన తల్లి పేరు కలవాలంటారు. అమ్మమ్మ తన మొక్కు గుర్తుచేస్తుంది. పాప తల్లికేమో ఇవేవీ సరిపోవు. వీధిలో ఇంకెవరికీ లేని పేరు కావాలి. పలకడానికి రెండు మూడు అక్షరాలు మించకూడదు. అర్థమూ బాగుండాలి. పుస్తకాలు తిరగేసి, ఇంటర్నెట్ జల్లెడ పట్టి, చివరికి ఎలాగో ఓ పేరు ఖాయం చేస్తారు. సరిగ్గా అప్పుడే ఓ మూల నుంచి వినబడుతుంది... 'ఇదేం పేరమ్మా, ఎప్పుడూ విన్లేదే! ఇది అసలు పేరేనా?'

పేరంటే పాతదై ఉండాలా? పురాణంలోనో పంచాంగంలోనో కనిపిస్తేనే అది పేరవుతుందా? ఈ ప్రశ్నకు మంచి జవాబు చెప్పే పేరు ఒకటుంది. స్వెత్లానా!

ఇది మనం వినని పేరేం కాదు. 2004లో యూఎస్ ఓపెన్, 2009లో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచిన టెన్నిస్ క్రీడాకారిణి స్వెత్లానా కుజ్నెత్సోవా. 1996, 2000 ఒలింపిక్స్‌లలో స్వర్ణాలు గెలిచిన జిమ్నాస్ట్ స్వెత్లానా ఖోర్కినా. అంతెందుకు, మన దగ్గరే కమ్యూనిస్టు కుటుంబాల్లో స్వెత్లానా అనే తెలుగమ్మాయిలు ఉన్నారు. వింటే ఏ వెయ్యేళ్లనాటి రష్యన్ పేరో అనిపిస్తుంది. కానీ కాదు. ఇది సుమారు 220 ఏళ్ల కిందట ఓ కవి కూర్చుని తయారుచేసిన పేరు. చాలాకాలం పాటు చర్చి 'ఇది పేరే కాదు' పొమ్మంది. అలాంటిది ఒక శతాబ్దంన్నరలో ఓ పెద్ద దేశంలో వీధికొకరికి ఉండే పేరైపోయింది.

పేరు కట్టినవాడి పేరూ కొత్తదే

ఆ కవి అలెగ్జాండర్ వొస్తొకోవ్. 1781లో ఇప్పటి ఎస్తోనియాకు చెందిన సారెమా అనే దీవిలో పుట్టాడు. తండ్రి జర్మన్ మూలాలున్న ప్రభువుల వంశంవాడు, ఇంటిపేరు ఓస్టెన్-సాకెన్. కానీ తల్లికీ ఆయనకూ పెళ్లి కాలేదు. అందుకని తండ్రి వంశనామం బిడ్డకు దక్కలేదు. దాన్ని కాస్త మార్చి 'ఓస్టెనెక్' అని తగిలించారు. పెద్దయ్యాక ఆ అబ్బాయి ఓ పనిచేశాడు. జర్మన్‌లో 'ఓస్ట్' అంటే తూర్పు. రష్యన్‌లో తూర్పును 'వొస్తోక్' అంటారు. తన ఇంటిపేరును తానే రష్యన్‌లోకి మార్చేసుకుని వొస్తొకోవ్ అయ్యాడు. అంటే స్వెత్లానాకు పేరు కట్టినవాడు, అంతకుముందే తన పేరు తాను కట్టుకున్నవాడన్నమాట!

ఆయనకు నత్తి ఉండేది. నలుగురిలో మాట్లాడటం కష్టం. దాంతో మాటల లోపలికి వెళ్లాడు. ప్రాచీన స్లావ్ భాషల మీద అధికారం సంపాదించాడు. 11వ శతాబ్దపు 'ఓస్త్రొమీర్ సువార్త' ప్రతిని పరిష్కరించి 1843లో ప్రచురించింది ఆయనే. స్లావ్ భాషల తులనాత్మక అధ్యయనానికి పునాది వేసినవారిలో ఒకడిగా ఆయన్ని చెబుతారు.

పడుచువయసులో, 1802లో, ఆయన 'స్వెత్లానా, మ్స్తిస్లావ్' అని ఓ కథాకావ్యం రాశాడు. పాత రాజుల కాలపు కథ. హీరో పేరు మ్స్తిస్లావ్ నిజంగానే పాతకాలపు పేరు. హీరోయిన్‌కి కూడా పాతగా వినిపించే పేరు కావాలి. వాడుకలో ఉన్నవేమో ఎక్కువభాగం గ్రీకు నుంచో హీబ్రూ నుంచో చర్చితో పాటు వచ్చిన పేర్లు. అందుకని తనే ఒకటి తయారుచేశాడు. రష్యన్‌లో 'స్వెత్' అంటే వెలుగు. 'స్వెత్లీ' అంటే వెలుగుతో నిండిన అని. దానికి 'ఆనా' చేర్చాడు. స్వెత్లానా... వెలుగులమ్మాయి!

కొత్త పేరే, కానీ గాల్లోంచి పుట్టింది కాదు. భాష తెలిసినవాడు, భాషలో ఉన్న వేరు నుంచే మొలిపించిన పేరు. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో దీంతో పనుంది.

శ్వేత, స్వేత

ఇప్పుడు చుట్టరికం సంగతి. రష్యన్ 'స్వెత్', సంస్కృత 'శ్వేత' వినడానికి దగ్గరగా ఉండటం యాదృచ్ఛికం కాదు. సంస్కృతం, రష్యన్, ఇంగ్లీషు, పారశీకం వగైరా భాషలన్నీ ఒకే తల్లివేరు నుంచి వచ్చాయని భాషాశాస్త్రవేత్తలు తేల్చారు. ఆ కుటుంబాన్నే ఇండో-యూరోపియన్ అంటారు. అంకెలు చూస్తే చాలు. మనం ద్వి, త్రి అంటే రష్యన్లు ద్వా, త్రి అంటారు. సంస్కృతంలో శ ఉన్న చాలాచోట్ల రష్యన్‌లో స పలుకుతుంది. మన శతం వాళ్లకు 'స్తో', మన దశ వాళ్లకు 'దేస్యత్'. అలాగే శ్వేత అక్కడ స్వెత్ అయింది.

సంస్కృతంలో 'శ్విత్' అనే ధాతువుకు తెల్లగా ఉండటం, ప్రకాశించడం అని అర్థం. అందులోంచి మనం తెలుపును పట్టుకున్నాం, వాళ్లు వెలుగును పట్టుకున్నారు. ఇంగ్లీషు 'వైట్' కూడా ఈ ఇంటి పిల్లే. పిండి తెల్లగా ఉంటుంది కాబట్టి గోధుమకు ఇంగ్లీషువాళ్లు 'వీట్' అని పేరుపెట్టారు, అదీ చుట్టమే. శ్వేత అనే అమ్మాయి పొద్దున్నే చపాతీ తింటుంటే కంచంలో ఉన్నది దూరపు బంధువేనన్నమాట!

ఇంకో తమాషా. రష్యాలో స్వెత్లానాను ఇంట్లో ముద్దుగా 'స్వేతా' అని పిలుస్తారు. మన దగ్గర శ్వేతను సగంమంది నోరు తిరగక స్వేత అనే పిలుస్తారు. బడిలో తెలుగు మాస్టారు 'శ పలకండిరా' అని ఎంత మొత్తుకున్నా ఆ పిలుపు మారదు. తెలియకుండానే మనవాళ్లు శ్వేతను రష్యా చుట్టాలింటి పేరుతో పిలుస్తున్నారు.

తెలుగు వేరే కుటుంబం. ద్రావిడ భాష. అయినా మనకూ తెలుపూ వెలుగూ ఒకచోటే పుట్టాయి. 'వెల్' అనే పాత వేరులోంచే వెల్ల, వెలుగు, వెన్నెల, వెండి వచ్చాయి. చీకటి పోతే 'తెల్లవారింది' అంటాం. లోపల చీకటి పోతే 'తెలిసింది' అంటాం. ఆ ఊళ్లో ఈ ఊళ్లో, ఆ భాషలో ఈ భాషలో, బిడ్డకు వెలుగని పేరుపెట్టుకోవాలన్న ఆశ మాత్రం ఒక్కటే. జ్యోతి, ప్రభ, దీప, కాంతి అని మనమంటాం. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో నూర్, రోష్నీ అంటారు. క్రైస్తవ కుటుంబాల్లో లూసీ అంటారు. లాటిన్‌లో అదీ వెలుగే.

అద్దం ముందు అమ్మాయి

వొస్తొకోవ్ కావ్యాన్ని పెద్దగా ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. పేరును మాత్రం ఇంకో కవి అందుకున్నాడు. ఆయన వసీలీ జుకోవ్‌స్కీ. 1813లో 'స్వెత్లానా' అనే కథాగేయం అచ్చువేశాడు. దాంతో రష్యా చదువరులంతా ఈ పేరు తెలుసుకున్నారు.

కథ చిన్నదే. చలికాలం, పండగ ముందు రాత్రి. కన్నెపిల్లలంతా చేరి తమకు కాబోయేవాడెవరో జోస్యం చూసుకుంటున్నారు. స్వెత్లానా ఒక్కతే దిగులుగా ఉంది. ప్రియుడు దూరదేశం వెళ్లి ఏడాదైంది, కబురు లేదు. నడిరేయి కొవ్వొత్తి వెలిగించి అద్దం ముందు ఒంటరిగా కూర్చుంటుంది. ప్రియుడు వస్తాడు, పెళ్లికి రమ్మంటాడు, మంచులో గుర్రపుబండి ఎక్కిస్తాడు. దారి పొడవునా అపశకునాలే. చివరికి ఓ గుడిసెలో శవపేటిక, అందులో అతడే! తెల్ల పావురం ఒకటి వచ్చి ఆమెను కాపాడుతుంది. ఉలిక్కిపడి లేస్తుంది. అంతా కల. తెల్లవారింది. ఇంటి ముందు బండి ఆగింది. అందులోంచి ప్రియుడు నిజంగానే దిగాడు, ప్రాణాలతో.

ఈ కథకు మూలం బ్యుర్గర్ అనే జర్మన్ కవి రాసిన 'లెనోర్'. అందులో అమ్మాయికి చావే గతి. జుకోవ్‌స్కీ దాన్ని తిప్పి రాశాడు. చీకటిని కలగా మార్చి, ఉదయాన్ని నిజం చేశాడు. అమ్మాయి పేరే వెలుగైనప్పుడు కథ చీకట్లో ముగిస్తే ఎలా? ఈ కావ్యాన్ని ఆయన తన బంధువుల అమ్మాయి అలెగ్జాండ్రా ప్రొతాసొవాకు అంకితమిచ్చాడు. తర్వాత ఆమెను దగ్గరివాళ్లు స్వెత్లానా అనే పిలిచేవారు.

ఆమెనే కాదు, కవినీ అలాగే పిలిచారు! 1815లో 'అర్జమాస్' అని రచయితల గుంపు ఒకటి ఏర్పడింది. అందులో ప్రతివాళ్లకూ ఓ మారుపేరు. జుకోవ్‌స్కీ మారుపేరు స్వెత్లానా. ఆ గుంపులోనే ఉన్న కుర్రకవి పుష్కిన్ మారుపేరు కీచురాయి. పుష్కిన్ తన 'యెవ్‌గెనీ ఒనేగిన్'లో కథానాయిక తత్యానాను స్వెత్లానాతో పోల్చాడు. 1836లో బ్ర్యుల్లోవ్ అనే చిత్రకారుడు అద్దం ముందు కూర్చున్న స్వెత్లానా బొమ్మ గీశాడు. అలా బళ్లో, బొమ్మలో, పాటలో పేరు పాకిపోయింది.

ఓడకు పెట్టొచ్చు, పిల్లకు పెట్టకూడదు

అంత పేరున్న పేరును మరి ఎంతమంది పిల్లలకు పెట్టారు? అధికారికంగా దాదాపు లేరు!

అప్పటి రష్యాలో బిడ్డకు పేరు పెట్టడమంటే చర్చిలో జ్ఞానస్నానం చేయించడమే. పూజారి దగ్గర సెయింట్ల జాబితా ఉంటుంది. ఆ జాబితాలో ఉన్న పేరే పెట్టాలి. స్వెత్లానా అనే సెయింట్ ఎవరూ లేరు. కవి కల్పించిన పేరుకు సెయింట్ ఎక్కడినుంచి వస్తారు? 20వ శతాబ్దం మొదట్లో కొందరు తల్లిదండ్రులు చర్చి పెద్దలకు అర్జీలు పెట్టుకున్నారు. ఒప్పుకోలేదు.

విచిత్రం ఏమిటంటే, ఓడలకు మాత్రం అడ్డం లేదు. 1858లో రష్యా నౌకాదళం ఓ యుద్ధనౌకకు స్వెత్లానా అని పేరుపెట్టింది. 1896లో జలప్రవేశం చేసిన మరో యుద్ధనౌకకూ అదే పేరు. జపాన్‌తో యుద్ధంలో, 1905లో సుషీమా దగ్గర అది మునిగిపోయింది. ఇనుప ఓడకు పెట్టుకోవచ్చుగానీ పసిపిల్లకు పెట్టుకోకూడదన్నమాట.

అయితే తల్లిదండ్రులు ఊరుకుంటారా? ఎక్కడైనా ఒకటే ఉపాయం. సెయింట్ల జాబితాలో 'ఫొతినా' అనే పేరుంది. బావి దగ్గర ఏసుక్రీస్తుతో మాట్లాడిన సమరియ స్త్రీ పేరు అదేనని వారి సంప్రదాయం చెబుతుంది. గ్రీకులో 'ఫోస్' అంటే వెలుగు. అంటే ఫొతినా అన్నా స్వెత్లానా అన్నా అర్థం ఒకటే. చర్చిలో ఫొతినా, ఇంట్లో స్వెత్లానా! ఇవాళ్టికీ స్వెత్లానాలకు చర్చి లెక్కలో ఫొతినాయే దారి.

మనకిది కొత్తగా అనిపించదు. జాతకంలో ఓ పేరు, బడి రిజిస్టర్‌లో ఇంకో పేరు, ఇంట్లో 'చిట్టి'. పంచాంగాన్ని నొప్పించకుండా మనసుకు నచ్చిన పేరు పిలుచుకోవడం మన అమ్మమ్మలకూ తెలిసిన విద్యే.

బల్బు వెలిగింది

1917లో విప్లవం వచ్చింది. పుట్టుక నమోదు చర్చి చేతిలోంచి ప్రభుత్వ కార్యాలయానికి మారింది. సెయింట్ల జాబితా పక్కకు పోయింది. ఎవరికి ఏ పేరైనా పెట్టుకోవచ్చు. ఇక జనం రెచ్చిపోయారు. అక్టోబరు విప్లవం గుర్తుగా ఒక్త్యబ్రినా. వ్లదీమిర్ లెనిన్‌ను కుదించి వ్లద్‌లెన్. లెనిన్ పేరును వెనకనుంచి చదివి నినెల్!

ఇలా పుట్టుకొచ్చిన పేర్లలో చాలావరకు కాలం కొట్టుకుపోయాయి. ఇవాళ వింటే రష్యన్లే నవ్వుకుంటారు. స్వెత్లానా మాత్రం నిలబడింది. ఎందుకు? దానికి మతం ముద్ర లేదు కాబట్టి కొత్త ప్రభుత్వానికి నచ్చింది. నినాదం వాసన లేదు కాబట్టి ఇంట్లోవాళ్లకూ నచ్చింది. పైగా అది ఊరూరికీ కరెంటు వేస్తామన్న కాలం. వెలుగు అనే మాటకే ఓ మోజు. అన్నట్టు, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో స్వెత్లానా అనే బ్రాండుతో అప్పటికే బల్బులు కూడా తయారయ్యేవి.

నాయకుల ఇళ్లలోనూ ఇదే పేరు. బుఖారిన్ కూతురు స్వెత్లానా. మొలొతోవ్ కూతురు స్వెత్లానా. అందరికంటే పెద్ద నాయకుడు స్టాలిన్ కూతురూ స్వెత్లానాయే. 1960లు, 70లు వచ్చేసరికి సోవియట్ దేశంలో ఎక్కువగా వినిపించే ఆడపేర్లలో ఇదొకటైంది.

గంగ ఒడ్డుకు వచ్చిన స్వెత్లానా

స్టాలిన్ కూతురి కథలో మన దేశానికీ చోటుంది.

ఆమె 1926లో పుట్టింది. ఆరేళ్లప్పుడు తల్లి చనిపోయింది. జబ్బుచేసి పోయిందని చెప్పారు. అది ఆత్మహత్య అని పదేళ్ల తర్వాత ఓ ఇంగ్లీషు పత్రిక చదువుతుంటే తెలిసింది. తండ్రి పోయాక, 1957లో ఆయన ఇంటిపేరు వదిలేసి తల్లి ఇంటిపేరు పెట్టుకుంది. స్వెత్లానా అలిలుయెవా అయింది. నిజానికి తండ్రి పేరు కూడా తెచ్చిపెట్టుకున్నదే. ఆయన అసలు ఇంటిపేరు జుగష్విలీ. 'స్తాల్' అంటే ఉక్కు, అందులోంచి స్టాలిన్. ఉక్కు అని తనకు పెట్టుకున్న మనిషి బిడ్డకు వెలుగని పెట్టాడు.

1963లో మాస్కో ఆసుపత్రిలో ఆమెకు బ్రజేష్ సింగ్ అనే భారతీయ కమ్యూనిస్టు పరిచయమయ్యాడు. ఉత్తరప్రదేశ్‌లోని కాలాకాంకర్ రాజకుటుంబంవాడు. పెళ్లి చేసుకుంటామంటే సోవియట్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1966 అక్టోబరులో ఆయన చనిపోయాడు. చితాభస్మం గంగలో కలపడానికి ఆమె ఆ డిసెంబరులో ఇండియా వచ్చింది. గంగ ఒడ్డున కాలాకాంకర్‌లో అత్తింటివారి మధ్య కొన్ని వారాలు గడిపింది. తిరిగి వెళ్లాల్సిన సమయం వచ్చాక, 1967 మార్చి 6న ఢిల్లీలో అమెరికా రాయబార కార్యాలయం మెట్లెక్కి ఆశ్రయం అడిగింది. ప్రపంచం నివ్వెరపోయింది. మాస్కోలో ఆమె పిల్లలిద్దరూ మిగిలిపోయారు.

తన జ్ఞాపకాల పుస్తకం మీద వచ్చిన డబ్బులోంచి కాలాకాంకర్‌లో బ్రజేష్ సింగ్ పేరిట ఆసుపత్రికి ఇచ్చింది. 1970లో అమెరికాలో పెళ్లి చేసుకుని పేరు మార్చుకుంది. లానా పీటర్స్! స్వెత్లానాలో వెలుగున్న ముందుభాగం పోయి, విడిగా అర్థంలేని తోక మిగిలింది. 2011లో అమెరికాలో ఆ పేరుతోనే చనిపోయింది. ఎన్నిసార్లు పేరు మార్చుకున్నా జనం ఆమెను 'స్టాలిన్ కూతురు' అనే పిలిచారు. పేరు మంచిదైనంత మాత్రాన సరిపోదని, ఆ పేరుతో బతకనిచ్చే ఇల్లు కావాలని చెప్పే జీవితం ఆమెది.

అదే పేరు, వేరే బతుకులు

అదే పేరుతో మరో స్వెత్లానా ఆకాశంలోకి వెళ్లింది. స్వెత్లానా సవీత్స్‌కయా. 1984 జులై 25న సల్యూత్-7 అంతరిక్ష కేంద్రం బయటికి వచ్చి మూడున్నర గంటలకు పైగా పనిచేసింది. అంతరిక్ష నడక చేసిన తొలి మహిళ ఆమే. అంతకు మూడునెలల ముందే, ఏప్రిల్‌లో, మన రాకేశ్ శర్మ వెళ్లివచ్చింది కూడా ఆ కేంద్రానికే.

బెలారుస్ రచయిత్రి స్వెత్లానా అలెక్సియెవిచ్ ఇంకో దారి పట్టింది. యుద్ధంలో పాల్గొన్న ఆడవాళ్లు, చెర్నోబిల్ అణుప్రమాదంలో చితికిపోయిన కుటుంబాలు... ఎవరూ పట్టించుకోని అలాంటివారి దగ్గర కూర్చుని, వాళ్ల మాటలు విని, వాళ్ల గొంతుతోనే పుస్తకాలు రాసింది. 2015లో సాహిత్యానికి నోబెల్ బహుమతి అందుకుంది. చీకట్లో ఉన్నవారి మీద వెలుగు పడేలా చేయడమే ఆమె రచన. పేరుకు తగ్గ పని అంటే ఇదే కదూ!

తెలుగింటికి వచ్చిన దారి

మరి ఈ పేరు కృష్ణా, గుంటూరు, ఖమ్మం, నల్గొండ వైపు ఎలా వచ్చింది? పుస్తకాల మూటలో వచ్చింది. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు నున్నటి కాగితంతో, రంగుల బొమ్మలతో, చవక ధరకు విశాలాంధ్ర పుస్తకాల షాపుల్లో దొరికేవి. వాటిని తెలుగులో రాయడానికి ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటివారు మాస్కోలో ఉండి పనిచేశారు. 'సోవియట్ భూమి' పత్రిక ఇళ్లకు వచ్చేది. చదివాక దాని కాగితాలు పిల్లల నోటు పుస్తకాలకు అట్టలయ్యేవి. ఆ ఇళ్లలో పుట్టిన పిల్లలకు లెనిన్, గోర్కీ, గగారిన్, వాలెంటీనా, నటాషా, స్వెత్లానా అని పేర్లు పడ్డాయి.

లెనిన్, గోర్కీ కూడా కలంపేర్లే. మారుపేరు సొంతపేరై, ఆనక మన వీధిబడి హాజరుపట్టీకి ఎక్కింది. తమిళనాడులో కరుణానిధి గారబ్బాయి 1953 మార్చి 1న పుట్టాడు. నాలుగురోజులకు సోవియట్ నాయకుడు స్టాలిన్ చనిపోయాడు. అబ్బాయికి ఆ పేరే పెట్టారు. ముత్తువేల్ కరుణానిధి స్టాలిన్ పేరు కథ అది.

ఇదేదో ఎర్రజెండా ఇళ్లకే పరిమితమైన అలవాటు కాదు. బెంగాలీ నవలలు చదివి శరత్ అని, స్వాతంత్ర్య పోరాటం చూసి సుభాష్ చంద్రబోస్ అని, చిత్తరంజన్ అని మనవాళ్లు పెట్టుకోలేదూ! ఎవరిని చూసి గుండె పొంగిందో వాళ్ల పేరు బిడ్డకిచ్చారు.

కొత్త పేరు పెడుతున్నారా?

ఇవాళ రష్యాలో పసిపాపలకు స్వెత్లానా అని పెట్టేవారు తక్కువ. అది అమ్మల పేరు, అమ్మమ్మల పేరు అయిపోయింది. నిన్నటి కొత్త పేరే ఇవాళ్టి పాత పేరు. మన దగ్గరా అంతే. ఇప్పుడు పాతగా వినిపించే సరోజ, విమల, నిర్మల ఒకప్పుడు వెంకమ్మ, సుబ్బమ్మల మధ్య కొత్తగా మెరిసిన పేర్లే. అప్పుడు కూడా 'ఇదేం పేరు' అన్నవాళ్లు ఉండే ఉంటారు.

కాబట్టి పేరు కొత్తదని భయపడక్కర్లేదు. కానీ స్వెత్లానా ఎందుకు నిలిచిందో, నినెల్ ఎందుకు నిలవలేదో మాత్రం ఒకసారి ఆలోచించాలి. వొస్తొకోవ్ భాష తెలిసి, వేరు పట్టుకుని పేరు కట్టాడు. అందుకే విన్నవాళ్లకు ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. ఇప్పుడు మనలో కొందరు చేస్తున్నదేమిటంటే, అమ్మ పేరులో ఓ ముక్క, నాన్న పేరులో ఓ ముక్క తుంచి అతికించడం, లేదా చెవికి ఇంపుగా ఉందని ఓ శబ్దం ఏరుకుని, దానికి ఇంటర్నెట్‌లో ఎవరో రాసిన 'దేవతా నామం' అనే అర్థాన్ని నమ్మేయడం. పాప పెద్దదై, 'నా పేరుకు అర్థమేంటమ్మా' అని అడిగిననాడు ఏం చెబుతాం?

అందుకని మూడు పనులు చేయండి. పేరు ఖాయం చేసేముందు దాని వేరు నిఘంటువులో వెతకండి, లేదా బళ్లో తెలుగు, సంస్కృతం చెప్పే మాస్టారిని అడగండి. పెరట్లోంచి వీధిలోకి గట్టిగా పిలిచి చూడండి, నోరు తిరగాలి. అరవయ్యేళ్ల మనిషికి తగిలించి ఊహించుకోండి, అప్పుడూ అతకాలి.

తొందర కూడా ఏం లేదు. మన దేశంలో 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పుట్టిన 21 రోజుల్లోగా పుట్టుకను నమోదు చేయించాలి. కానీ అప్పటికే పేరు ఖాయమై ఉండాలని లేదు. పేరు లేకుండా నమోదు చేయించి, ఏడాదిలోగా ఏ రుసుమూ లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. అది దాటితే ఆలస్య రుసుముతో 15 ఏళ్ల దాకా అవకాశముంది. రిజిస్ట్రారు మీ బిడ్డ పేరు ఏ పురాణంలో ఉందని అడగడు. ఏ జాబితా ముందు పెట్టడు. ఒకనాడు రష్యాలో తల్లిదండ్రులు అర్జీ పెట్టినా దొరకని స్వేచ్ఛ అది. మన చేతిలో ఉంది కదా అని దాన్ని గాలికి వదిలేయకూడదు.

ఇక వెలుగు పేరే కావాలనుకుంటే రష్యా దాకా వెళ్లక్కర్లేదు. వెన్నెల ఉంది. వెల్ అనే అచ్చమైన మన వేరులోంచి వచ్చిన మాట. ఒక తరం కిందట దాన్ని పిల్లకు పెడితే 'అది పేరేంటి' అని నవ్వేవారేమో. 2022లో వచ్చిన 'విరాటపర్వం'లో హీరోయిన్ పేరు వెన్నెల. 2023 నాటి 'దసరా'లోనూ అంతే. 2005లో వచ్చిన 'వెన్నెల' సినిమా అయితే ఓ నటుడికే ఇంటిపేరైంది. వెన్నెల కిశోర్ అంటే తెలియనివారెవరు? ఇప్పుడు బళ్లో హాజరు పిలిస్తే 'వెన్నెల' అనగానే ఓ చిన్నారి లేచి పలుకుతోంది. పక్క బెంచీలో శ్వేత ఉంటే మరీ మంచిది. ఆ ఇద్దరికీ స్వెత్లానా కథ చెప్పండి.